పెద్దమ్మ కాలి మీద దేశదేశాల ఆటలు

జహీరాబాద్ గంజ్‌లో, అంటే సరుకుల బజారులో, నేను నోరు తెరిస్తే చాలు, ఎదుటివాళ్లు ముందుగా ఒక మాట అడిగేవారు. "ఇది అయిన ముచ్చటనా, నువ్వు చేసిన ముచ్చటనా?" జరిగినదైతే అయిన ముచ్చట. నేను అల్లినదైతే చేసిన ముచ్చట. రెండింటికీ తేడా నాకు బాగానే తెలుసు. కానీ జరిగింది జరిగినట్టు చెబితే వినేవాడు మధ్యలో బీడీ ముట్టించుకుంటాడు. నేను చెబుతుంటే మధ్యలో బీడీ ముట్టించినవాడు గంజ్ మొత్తంలో లేడు.

అరవైల మొదట్లో నేను రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాను. పెళ్లి కాలేదు. మా చుట్టుపక్కల పండిన అల్లం, ఆలుగడ్డ బస్తాలకెత్తి లారీల్లో బొంబాయికి పంపేవాళ్లం. సరుకు వెంట నమ్మకమైన మనిషి ఒకడు పోవాలి. అట్లాంటివాడు దొరక్క నన్ను పంపేవారు. హుమ్నాబాద్, షోలాపూర్, పూనా మీదుగా డ్రైవర్ పక్కన కూర్చుని పోయేవాణ్ణి. ఒక వానాకాలం షోలాపూర్ దాటేసరికి లారీలో అల్లం మొలకెత్తింది, పూనా చేరేసరికి ఆకులేసింది, ఘాట్ దిగేటప్పుడు ఆ ఆకుల సందుల్లోంచి దారి చూసుకుంటూ దిగాం. గంజ్‌లో ఇది ఎవరూ నమ్మలేదు. ఒక హమాలీ మాత్రం ఆలోచించి, "మరి గా ఆకులేం చేసిన్రు?" అని అడిగాడు. బొంబాయి మేకలకు వేశామని, ఆ ఏడు అక్కడి మేకలకు జలుబే చేయలేదని చెప్పాను.

వెనక్కి వచ్చేటప్పుడు లారీలో గుడ్డల మూటలు, ఇనుప సామాను ఉండేవి. నా సొంత సరుకు వేరు. బొంబాయి రేవు దగ్గర ఒక మరాఠీ ఖానావళిలో నేను భోజనం చేసేవాణ్ణి. ఓడల్లో పనిచేసి దిగిన ఖలాసీలు అక్కడికి వచ్చేవాళ్లు. వాళ్లలో కొంకణం వైపు ముసలాయన ఒకడు నాకు స్నేహితుడయ్యాడు. ఏ దేశపు రేవులో ఓడ ఆగినా, అక్కడి జనం ఎట్లా ఆడతారో చూసి రావడం ఆయన అలవాటు. మిగతావాళ్లు కల్లు దుకాణం వెతుక్కునేవాళ్లట, ఈయన డప్పు చప్పుడు ఎటు వినిపిస్తే అటు నడిచేవాడట. తిన్న పళ్లాన్ని పక్కకు జరిపి, చూపుడు వేలు, మధ్య వేలు కాళ్లుగా చేసి, పళ్లెం అంచు మీద ఆ దేశదేశాల ఆటలన్నీ ఆడి చూపించేవాడు. ఆ రెండు వేళ్లకు ఒక్కో దేశంలో ఒక్కో నడక వచ్చేది. ఆడించాక, ఆ ఆట ఎందుకు పుట్టిందో తనకు ఆ ఊరివాళ్లు చెప్పింది చెప్పేవాడు. నేనది మోసుకుని వచ్చేవాణ్ణి. దారిలో పోపు పెట్టేవాణ్ణి.

దించేది మా పెద్దమ్మ ముందు. పెద్దమ్మ అంటే మా నాయన అన్న భార్య. రెండు కుటుంబాలకూ ఒకటే వాకిలి. నా ముచ్చట్లలో ఏది అయినది, ఏది చేసినది అని ఆమెకు విన్న వెంటనే తెలిసిపోయేది. అయినా విడిచిపెట్టేది కాదు. "చేసినవు గని, చెప్పు, మంచిగున్నది" అనేది.

మా వీధి బతుకమ్మకు పాట చెప్పే మనిషి పెద్దమ్మే. బతుకమ్మ పేర్చడం అందరికీ వస్తుంది, పాట చెప్పడం అందరికీ రాదు. చెప్పే ఆమె ఒక చరణం అంటే తక్కినవాళ్లు అందుకోవాలి. అడుగు వేయడం, వంగడం, చప్పట్లు కొట్టడం అన్నీ ఆ గొంతు వెంట పోవాలి. పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, పాత పాటలన్నీ అయ్యాక, పెద్దమ్మ ఒక కొత్త పాట చెప్పేది. అది తను కట్టినది. ఆ ఏడాది మా వీధిలో ఏం జరిగిందో అదంతా అందులో ఉండేది. ఎవరి బర్రె ఈనింది, ఏ కోడలు పప్పులో రెండుసార్లు ఉప్పేసింది, ఏ బాయి ఎండింది. కొట్లాడుకున్నవాళ్లు పాటకెక్కుతామని పండుగకు ముందే రాజీ పడేవాళ్లు. మా నాయన గొడుగు పోగొట్టుకున్న సంగతి నా చిన్నప్పుడు పాటలోకెక్కింది. ఆయన గడ్డం నెరిసినా ఆ గొడుగు ఆయన్ని వదల్లేదు.

ఈ పాటకు మా వీధిలో ఒక కట్టుబాటు ఉంది. తిరగని మనిషి పాట చెప్పకూడదు. ఆ కట్టుబాటు పెట్టింది కూడా పెద్దమ్మే. ఆమె వయసులో ఉన్నప్పుడు, మూలింటి ముసలమ్మ అని ఒకామె పాట చెప్పేది. ఆమెకు మోకాళ్లు పోయాయి. ఒక ఏడు అరుగు మీద కూర్చుని అక్కడి నుంచే పాట అందుకుంది. కూర్చున్నవాళ్లకు ఊపిరి ఎక్కువ, పాట సాగింది. తిరిగేవాళ్ల కాళ్లు తడబడ్డాయి, ఒకరి మీద ఒకరు పడ్డారు. పెద్దమ్మ ఆగి, "అత్తమ్మా, పాటొక దిక్కు పోతున్నది, కాళ్లొక దిక్కు పోతున్నయి. తిరిగేటోళ్లే చెప్పాలె" అంది. అందరూ అవునన్నారు. ముసలమ్మ లేచి లోపలికి పోయింది. అప్పటి నుంచి పాట పెద్దమ్మది.

ముసలమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆమె కోడలు ఇప్పుడు మూలింటి ఇల్లాలు. ఆమె, పెద్దమ్మ ఒకరినొకరు వదినె అని పిలుచుకునేవాళ్లు, కూరలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లు. కానీ బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు మాత్రం ఈమె ఒక వైపు ఉంటే ఆమె సరిగ్గా ఎదురు వైపు ఉండేది. మధ్యలో పూలు.

నేను చెబుతున్న ఏడు, ఆషాఢంలో, పెద్దమ్మ చుట్టాలింటికని కోహీర్ పోయి, బస్సు దిగుతూ బురదలో జారింది. మోకాలి కింద ఎముక విరిగింది. దవాఖానలో సిమెంటు కట్టు వేశారు. డాక్టరును ఎవరైనా ఎప్పుడు నడుస్తాను అని అడుగుతారు. పెద్దమ్మ "ఎప్పుడు తిరుగుత?" అని అడిగింది. ఆయనకు అర్థం కాలేదు. పెద్దమ్మ వేలితో గాలిలో సున్నా చుట్టి చూపించింది. దసరాలోపల అయితే కష్టం అన్నాడట.

ఇంటికి వచ్చిన పెద్దమ్మ ముందరి అర్రలో మంచం మీద గోడకు చేరగిలబడి కూర్చుంది. నొప్పి గురించి ఒక్క మాట లేదు. "పాట సగం కట్టిన. ఏం చేసుకోను దాన్ని?" అంది నాతో. "బస్సు కూడ ఎక్కింది అందుల."

బొంబాయి నుంచి వచ్చినప్పుడల్లా నేను ఆ మంచం పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చునేవాణ్ణి. ఖలాసీకి పళ్లెం ఎట్లాగో నాకు పెద్దమ్మ కాలి మీది కట్టు అట్లా. గట్టిగా, తెల్లగా, మంచి చప్పుడిచ్చేది.

మొదట స్పెయిన్ దేశం తెచ్చాను. రెండు వేళ్లతో కట్టు మీద టకటక కొట్టాను.

"గీళ్లెవలు?" అంది పెద్దమ్మ.

"స్పెయిన్ దేశపోళ్లు పెద్దమ్మా. కుచ్చుల లంగలేసుకొని ఆడోళ్లు మడిమెలతోని నేలను తొక్కుతరు."

"నేల మీద ఏం కోపం వాళ్లకు?"

ఇది ఆమె పద్ధతి. ఏ దేశపు ఆట చెప్పినా, ఎట్లా ఆడతారు అన్నదానికంటే ఎందుకు ఆడతారు అన్నదే అడిగేది. ఖలాసీ చెప్పింది చెప్పాను. అది సంచారం చేసే జనం ఆట అని, ఎప్పుడో వాళ్ల పెద్దలు మన హిందుస్తాన్ వైపు నుంచే బండ్లు కట్టుకుని పడమరకు పోయారంటారని, పోయిన ప్రతి ఊళ్లోనూ వాళ్లను ఉండనివ్వలేదని, ఆ తొక్కుడులో ఆ బాధ ఉందంటారని. పెద్దమ్మ ముఖం వాడిపోయింది. నాకది నచ్చలేదు.

"అసలు సంగతి వేరే ఉన్నది పెద్దమ్మా. మన మొగుడంపల్లి దిక్కు ఒకామెది కోడె తప్పిపోయింది. దేవులాడుకుంట దేవులాడుకుంట పోయి పోయి, స్పెయిన్‌ల దొరకబట్టింది. అది రానంటది, ఈమె రమ్మంటది. అందుకే గా దేశంల ఆడోళ్లు నేలను తొక్కుతరు, మొగోళ్లు ఎద్దులతోని కొట్లాడుతరు."

పెద్దమ్మ కట్టు కదిలేటట్టు నవ్వింది. "చేసినవు. కోడె ఏమన్నది?"

"మొగుడంపల్లి గడ్డే మంచిగుండె అన్నది."

తర్వాతి లారీకి ఫిలిప్పీన్స్ వచ్చింది. అక్కడ ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని రెండు వెదురు బొంగుల్ని దగ్గరకు కొడుతూ, దూరం చేస్తూ ఉంటారు. ఆడేవాళ్లు ఆ సందులో కాలు పెట్టి, బొంగులు కలిసేలోపు తీసేయాలి. వరి మళ్లల్లో రైతులు పెట్టిన వెదురు ఉచ్చుల్ని తప్పించుకుంటూ గెంతే ఒక పొడుగు కాళ్ల పిట్టను చూసి నేర్చుకున్నారట. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు, ఆ ఉచ్చుల్లో ఒక పోలీసు పటేల్ పడ్డాడన్నది తప్ప.

ఇంకో ప్రయాణానికి రష్యా వైపు గుర్రపు సిపాయిలు వచ్చారు. మోకాళ్లు మడిచి గొంతుక్కూర్చుని, చేతులు కట్టుకుని, కాళ్లు ముందుకు విసురుతూ ఆడతారు. రోజంతా గుర్రం మీద కూర్చుని పట్టేసిన కాళ్లను సాపు చేసుకోవడానికి మొదలైందని ఖలాసీ విన్నాడు. అక్కడి చలికి ఒక్క గడియ కాలు ఆనిస్తే నేలకు అతుక్కుపోతుందని, అట్లా అతుక్కుపోయిన ఒక సిపాయికి అన్నం అక్కడికే తెచ్చిపెట్టారని, ఎండాకాలం వచ్చాక ఊడొచ్చాడని నేను చెప్పాను.

"పాపం," అంది పెద్దమ్మ, తన కాలు చూసుకుంటూ. "నా అసొంటోడే."

ఆస్ట్రియా వైపు రైతుల ఆట చెప్పిన రోజు మా పెదనాయన కూడా ఆ అర్రలోనే ఉన్నాడు. ఆయన మాట్లాడే మనిషి కాదు. పెద్దమ్మకు వేడినీళ్ల గుడ్డ తెచ్చి ఇచ్చి, మూలన కూర్చుని వక్కలు కత్తిరించుకునేవాడు. ఆ ఆటలో ఆడ, మగ ఒకరినొకరు పట్టుకుని గిరగిరా తిరుగుతారు. కోతలైనాక పల్లెటూళ్లలో మొదలైతే, పట్నపు పెద్దింటివాళ్లు ముందు ఛీఛీ అని, తర్వాత దీపాలు పెట్టుకుని తామే ఆడడం మొదలుపెట్టారట.

"ఆలుమొగలు? అందరి ముందర?" అంది పెద్దమ్మ.

"అందరి ముందరనే."

"మీ పెదనాయన నా చెయ్యి పట్టింది లగ్గంల ఒకపారి. మళ్ల మొన్న దవాఖానల."

మూలన వక్కల కత్తెర ఆగింది. కొంచెం సేపయ్యాక మళ్లీ కదిలింది.

అట్లా వానాకాలం గడిచింది. కట్టు విప్పారు. ఎముక అతుక్కుంది కానీ మోకాలు బిగుసుకుపోయింది. చేతికర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చి కూర్చోగలదు. ఎక్కువసేపు నిలబడలేదు, తిరగలేదు. గుట్టల మీద తంగేడు పూసింది. పిల్లలు గునుగు పూలు కోసి తెచ్చి రంగులద్ది ఎండబెడుతున్నారు. పెద్దమ్మ వాళ్లకు ఎక్కడ ఏ రంగు వేయాలో చెప్పేది. పాట మాట ఎవరైనా ఎత్తితే, "ఈసారి మూలింటి వదినె చెప్తది" అనేసేది.  కట్టిన పాటను మాత్రం నేను ఎన్నిసార్లు అడిగినా వినిపించలేదు. చుట్టూ కాళ్లు కదలకపోతే ఆ పాట నోటికి రాదంది.

ఆ దిగులు మనసులో పెట్టుకునే నేను ఆ తడవ బొంబాయి పోయాను. ఖలాసీకి పెద్దమ్మ సంగతి చెప్పాను. ఆయన పళ్లెం అంచు వేలితో రాస్తూ విని, జపాన్ దేశం తీశాడు. ఎండాకాలం చివర్లో అక్కడ పోయిన పెద్దలు ఇళ్లకు వచ్చిపోతారని నమ్మకం. వాళ్ల కోసం దీపాలు కట్టి, ఊరంతా చుట్టూ చేరి, చప్పట్లు కొడుతూ తిరుగుతారు. మధ్యలో కొయ్యతో మంచె కడతారు. డప్పు కొట్టేవాడు, పాట చెప్పేవాళ్లు ఆ మంచె మీదే ఉంటారు. వాళ్లు తిరగరు. తక్కినవాళ్లు వాళ్ల చుట్టూ తిరుగుతారు. ఆ తర్వాత ఆయన హవాయి దీవుల సంగతి చెప్పాడు. అక్కడ నిలబడి ఆడేవి కొన్ని, నేల మీద కూర్చునే ఆడేవి కొన్ని. రాత లేని కాలంలో వాళ్ల పెద్దల కథలన్నీ చేతుల్లో, పాటల్లో దాచుకున్నారట. కాళ్లు కదలకపోయినా అది ఆటే.

నా గుండె తేలికైంది. ఆ తిరుగు ప్రయాణంలో మొదటిసారి పోపు పెట్టలేదు. విన్నది విన్నట్టు, ఒలికిపోకుండా పట్టుకుని వచ్చి పెద్దమ్మ ముందు పెట్టాను.

ఆమె అంతా విన్నది. "అయిన ముచ్చటనా?" అంది.

"అయిన ముచ్చట. ఒక్క మాట కలుపలేదు."

నా ముఖంలోకి చూసింది. "ఇది చేసినవు కొడుకా."

"ఒట్టు పెద్దమ్మా."

"మొగుడంపల్లి కోడె స్పెయిన్ పోయిందంటే నమ్ముత. గింత సక్కగ నా కాలికి సరిపోయే ముచ్చట ఏ దేశంల ఉంటది? బస్సు దిగి కాలిరగ్గొట్టుకున్న ఆడిదాని కోసం జపాన్‌ల మంచె కట్టినవు." నా తల మీద చెయ్యి వేసింది. "మంచిగ కట్టినవు. గని మన దగ్గర నడుమ ఉండేది గౌరమ్మ. నేను ఆడ ఎట్ల కూసుంట? బయట కూసోని చెప్పొద్దని నేనే అంటిని. ఇగ ఇడువు."

అబద్ధం చెప్పి నమ్మించలేకపోతే నాకు బాధ ఉండేది కాదు. నిజం చెప్పి దొరికిపోవడం అదే మొదలు. ఖలాసీని లారీ ఎక్కించుకుని తేలేను. తెచ్చినా, ఆయన్నీ నేనే చేశానంటుంది.

అట్లా దిగాలుగా పోతుంటే మూలింటి ఇల్లాలు పిలిచింది. పెద్దమ్మకు వదినె కాబట్టి నాకు అత్తమ్మ. గడప దగ్గర కూర్చుని బంతిపూల తొడిమెలు తుంపుతోంది.

"అల్లుడా, మీ పెద్దమ్మ ఈసారి చెప్తదా?"

"చెప్పదట అత్తమ్మా. నువ్వు చెప్పాలంటున్నది."

"నాకు గొంతేడిది? నేను పాటెత్తుకుంటే గౌరమ్మ తనంతల తనే లేచి వాగుకు పోతది." ఇంకో పువ్వు తీసుకుంది. "తిరగనోళ్లు చెప్పొద్దన్న మాట పట్టుకున్నదా?"

"పట్టుకున్నది."

"ఆ మాటకు మా అత్త ఆ పొద్దు అరుగు మీదికెళ్లి లేచి లోపటికొచ్చింది. పెట్టిన సద్దులు ముట్టలేదు. మర్నాడు గూడ ముట్టలేదు." ఆమె గొంతులో కోపం లేదు. పాత సామాను ఎక్కడ పెట్టిందో గుర్తు చేసుకుంటున్నట్టు అంది.

నేను జపాన్ మంచె గురించి, హవాయి వాళ్ల గురించి గబగబా చెప్పాను. ఆమె తల ఊపుతూ విని, "నీ జపాన్ నాకెందుకు? మన వీధిల మాటంటే మాటనే. పాట చెప్పేటామె తిరగాలె" అంది. ఇక అయిపోయింది, అత్త బాకీ కోడలు తీర్చుకుంటోంది అనుకున్నాను. లేవబోతుంటే, "మీ దుకాణంల ఠేలా బండి ఉన్నది గద," అంది.

ఠేలా అంటే బస్తాలు తోసే నాలుగు చక్రాల తోపుడు బండి. గంజ్‌లో ప్రతి దుకాణానికీ ఉంటుంది.

"ఉన్నది. ఎందుకు?"

"సద్దుల నాడు పొద్దుమూకకముందే తెచ్చి నా ఇంటి ముందర పెట్టు. కడిగి తే. ఎందుకని అడుగకు. నీకు చెప్తే నేను గడప దాటకముందే బొంబాయిల తెలుస్తది."

సద్దుల రోజు ఠేలాను నాలుగు బిందెల నీళ్లు పోసి కడిగాను. అల్లం వాసన పోలేదు. ఎన్నేళ్ల అల్లమో, చెక్కలోకి దిగిపోయింది. తీసుకుపోతే ఆమె దానికి పసుపు రాసి, మడిచిన బొంత పరిచి, నాలుగు మూలలా తంగేడు కొమ్మలు కట్టింది. అప్పటికి నాకు కొంచెం కొంచెం తెలుస్తోంది. నోరు మూసుకున్నాను. అది నాకు అలవాటు లేని పని.

వీధి మలుపు దగ్గర కళ్లాపి చల్లి ముగ్గు వేశారు. బతుకమ్మలు ఒక్కొక్కటే వచ్చి మధ్యలో చేరాయి. పెద్దమ్మ బతుకమ్మను మా అమ్మ ఎత్తుకొచ్చి పెట్టింది. పెద్దమ్మ మా అరుగు మీద రోజూ కట్టే చీరతోనే కూర్చుంది. చూసేవాళ్లు కూర్చునే చోటు అది. ఆడవాళ్లు వరస కట్టారు కానీ ఎవరూ పాట ఎత్తలేదు. అంతా మూలింటి వైపు చూస్తున్నారు.

మూలింటి ఇల్లాలు ఠేలాను తోసుకుంటూ వచ్చింది. దాని ఎడమ చక్రం కీచుమంటోంది. మా అరుగు ముందుకు తెచ్చి ఆపింది.

"వదినె, లెవ్వు."

"ఏడికి? నేను తిరగలేనని ఎరికనే గద నీకు," అంది పెద్దమ్మ.

"నువ్వెందుకు తిరుగుతవు? బండి తిరుగుతది. నువ్వు బండి మీద ఉంటవు. నీ మాట నీకే ఉంటది."

"అందరు నవ్వుతరు వదినె."

"నవ్వనియ్యి. నవ్వే పండుగనే." ఆమె బొంత సర్దింది. "మా అత్తకు బండి తేవాలెనన్న తెలివి అప్పుడు నాకు రాకపాయె. నీకన్న తెచ్చిన. ఎక్కు."

పెద్దమ్మ తంగేడు కొమ్మల్ని చూసింది. ఆ బండిని ఎక్కడో చూసినట్టు ఉందని ఆమెకు అనిపించిందో, అల్లం వాసన తగిలిందో, నా వైపు తిరిగింది.

"ఇది గూడ నువ్వు చేసిందేనారా?"

"లేదు పెద్దమ్మా," అన్నాను. "ఇది అయితున్నది."

మూలింటి ఇల్లాలి భుజం పట్టుకుని లేచింది. లోపలికి పోయి పట్టుచీర కట్టుకుని వచ్చేదాకా వీధంతా ఆగింది. పెదనాయన లోపలి నుంచి చిన్న పీట తెచ్చి, బండి పక్కన వేసి, ఆమె మోచేయి పట్టి ఎక్కించాడు. చెయ్యి పట్టడం అది మూడోసారి.

మగవాళ్లం అరుగుల మీదికి తప్పుకున్నాం. వీధి కోడళ్లు ఇద్దరు బండి తోశారు. మొదటి చుట్టు అంతా రభస. బండి ముందు పోతే కాళ్లు వెనకపడ్డాయి. ఒకామె బొటనవేలు చక్రం కింద పడబోయింది. కోడళ్లు నవ్వు ఆపుకోలేక బండి వదిలేస్తే అది ముగ్గు మీదికి పోబోయింది. పెద్దమ్మ పాట ఆపి, "ఇది బొంబాయి లారీ కాదు, జర మెల్లగ" అంది. వరస వెడల్పు చేశారు. రెండో చుట్టుకు ఆ ఎడమ చక్రం పని చేసింది. చక్రం ఒక్కసారి తిరిగినప్పుడల్లా ఒకసారి కీచుమనేది. పెద్దమ్మ చరణం సరిగ్గా ఆ కీచు మీద వచ్చి ఆగింది. అందరి చప్పట్లు అక్కడ పడ్డాయి. బండి మీద కూర్చునే నడుము వంచి, తక్కినవాళ్లతో పాటు తనూ వంగుతోంది, లేస్తోంది. కాళ్లు ఒక్కటే లేవు, తక్కిన ఆటంతా ఉంది.

పాత పాటలయ్యాయి. పెద్దమ్మ గొంతు సవరించుకుని ఆ ఏటి పాట ఎత్తింది.

బస్సు దిగిన కాలు బురదల్ల జారె
జారిన కాలికి సున్నంపు చీరె

నవ్వుల మధ్య అందరూ అందుకున్నారు. ఎవరింటి గోడ కూలిందో, ఎవరి కొడుకు మెట్రిక్ తప్పాడో, అన్నీ వచ్చాయి. స్పెయిన్ పోయిన కోడె కూడా వచ్చింది. నేనూ వచ్చాను, పోపు గరిటెతో సహా. తర్వాత ఆమె గొంతు కొంచెం దించింది. ఆ చరణాలు ముందు కట్టినవి కావు. బండి ఎక్కాక కట్టినవి.

మూలింటి ముసలమ్మ ముత్యాల గొంతు
అరుగు మీదుండంగ ఆపితి నేను
తిరగని కాలని తీసేస్తి నాడు
తిరిగేటి బండెక్కి తెలిసింది నేడు

చక్రం కీచుమంది. చప్పట్లు పడలేదు. వరసలో సగం మంది మూలింటి ఇల్లాలి వైపు చూశారు. ఆమె ఎప్పటిలా ఎదురు వైపు లేదు. బండి పక్కనే, ఒక చెయ్యి చెక్క మీద వేసి నడుస్తోంది. చక్రం ఇంకొకసారి తిరిగేదాకా అట్లాగే నడిచింది. చక్రం మళ్లీ కీచుమన్నప్పుడు ఆమె ఆ చివరి చరణం తనే ఎత్తుకుంది. గొంతు గురించి ఆమె ముందే చెప్పింది, అబద్ధం కాదు. గౌరమ్మ మాత్రం కదల్లేదు. అందరూ అందుకున్నారు.

నెల తర్వాత బొంబాయిలో ఇదంతా ఖలాసీకి చెప్పాను. అగ్గిపెట్టెను బండిగా, ఉప్పు గిన్నెను బతుకమ్మగా పెట్టి, నా వేళ్లతోనే తోసి చూపించాను. పోపు పెట్టలేదు. ఒక్క మాట కలపలేదు. ముసలమ్మ సద్దులు ముట్టని చోటికి వచ్చేసరికి ఆయన బండిగా ఉన్న అగ్గిపెట్టె తీసుకుని బీడీ ముట్టించుకున్నాడు. "కథ బాగుంది కానీ, నువ్వు చేసింది కదూ" అన్నాడు.

పై ఏటికి పెద్దమ్మ మోకాలు దారికొచ్చింది. మెల్లగా అయినా తిరగగలిగింది. అయినా సద్దుల నాటికి మూలింటి ఇల్లాలు ఠేలా కోసం కబురు పంపింది. ఆ ఏడు దాని మీద నడవలేని వేరే ముసలామెను కూర్చోబెట్టారు. ఆమె రెండు పాటలు చెప్పింది. తర్వాత తర్వాత బండి లేకుండా మా వీధిలో బతుకమ్మ ఆడడం మరిచిపోయారు. ఎడమ చక్రానికి నూనె వేయబోయిన హమాలీని అందరూ కలిసి తిట్టారు.

కొన్నేళ్లకు మా వీధికి ఒక కొత్త కోడలు వచ్చింది. బొంత పరిచిన ఠేలాను, తంగేడు కొమ్మల్ని చూసి, మా ఊళ్లో ఇట్లా లేదే, మీకు బండెందుకని అడిగింది. పక్కన గునుగు పూలు కట్టలు కడుతున్న మా చిన్న చెల్లెలు తల ఎత్తకుండా చెప్పింది.

"ఎనకట ఒక దొరసాని ఉండెనట. ఆమె కాళ్లు నేల మీద పడితే కందిపోతయట. గౌరమ్మ ఆమె కలలకొచ్చి, బండెక్కి తిరుగు బిడ్డా అన్నదట. అప్పటి సంది ఉన్నది ఇది."

కొత్త కోడలు నమ్మనూ లేక, నవ్వనూ లేక, అరుగు మీద ఉన్న నన్ను చూసింది. "అయిన ముచ్చటనా అన్నా?"

నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె వరసలో తన చోటికి నడిచి పోతోంది, మూలింటి ఇల్లాలి పక్కకు. మా మాటలు విన్నదని ఆమె భుజాలు కదలడంలో తెలుస్తోంది. వెనక్కి తిరగకుండానే, "దొరసాని కాళ్లకు పట్టీలు గూడ ఉండెనట, అది మరిచినవు బిడ్డా" అని, పాట ఎత్తుకుంది.